ఆ వాసన కడుపులోంచి కాదు!

పళ్ళు తోముకున్నా, సోంపు నమిలినా కొందరిని నోటి దుర్వాసన వదలదు. అది ఎక్కడ పుడుతుంది, ఎవరు పుట్టిస్తున్నారు, ఎలా అదుపులో పెట్టాలి? నోట్లో కాపురముండే సూక్ష్మజీవుల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

రాత్రి ఇంట్లో దీపాలు ఆరిపోయాయి. మనిషి నిద్రలోకి జారుకున్నాక నోట్లో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతూ, గుటక వేసిన ప్రతిసారీ నోటిని కడిగే ఊట అది. ఇప్పుడు నాలుక కదలదు, బుగ్గలు కదలవు. నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళకైతే ఉన్న కాస్త తడి కూడా ఆరిపోతుంది. సరిగ్గా అప్పుడే నాలుక వెనక భాగంలో, చిగుళ్ళ అంచుల కింద, పళ్ళ సందుల్లో పని ఊపందుకుంటుంది. గాలి సోకని ఆ మూలల్లో ఉండే బ్యాక్టీరియా రాలిపడిన కణాలనూ ఇరుక్కున్న తిండి తునకలనూ లాలాజలంలోని మాంసకృత్తులనూ విరగ్గొట్టి తింటాయి. అవి వదిలే వాయువులు తెల్లారేసరికి నోట్లో పేరుకుంటాయి.

పాచినోటి వాసన అంటే ఇదే. ఎంత ఆరోగ్యవంతుడికైనా తప్పదు. ముఖం కడుక్కుని టిఫిన్ తినేసరికి లాలాజలం మళ్ళీ ఊరి, వాసన పోతుంది.

పొద్దుపోయేదాకా అది వదలనివాళ్ళ సంగతి వేరు. ఎదుటివారితో మాట్లాడాల్సి వస్తే ఒక అడుగు వెనక్కి వేస్తారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోతుంది. జేబులో యాలకులో లవంగాలో ఎప్పుడూ ఉంటాయి. పెళ్ళిచూపులకైనా ఉద్యోగ ఇంటర్వ్యూకైనా వెళ్ళాలంటే గుండె దడ. ఇంత బాధపడేవాళ్ళు కూడా దంతవైద్యుల దగ్గరికి ఆలస్యంగా వెళతారు. కడుపులో ఏదో కుళ్ళుతోందని, వేడి చేసిందని, అరగడం లేదని అనుకుని గ్యాస్ మాత్రలు మింగుతూ నెలలు గడిపేస్తారు.

బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయ వైద్యులు నోటి దుర్వాసనకే ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడిపారు. అక్కడికి వచ్చిన 2,000 మంది వివరాలను 2009లో ప్రచురించారు. నూటికి 76 మందిలో కారణం నోట్లోనే దొరికింది. నాలుక మీద పేరుకున్న పొర ఒక్కటే కారణమైనవాళ్ళు నూటికి 43 మంది. చిగుళ్ళ జబ్బువల్ల 11 మంది, ఈ రెండూ కలిసి 18 మంది ఇబ్బంది పడుతున్నారు. కడుపు వంతు చాలా చిన్నది. ఆహారనాళం మింగేటప్పుడూ తేన్చేటప్పుడూ తప్ప మామూలుగా మూసుకునే ఉంటుంది, కాబట్టి కడుపులోని వాసన ప్రతి ఊపిరితో పైకి రావడం కుదరదు.

పళ్ళ పాచిలో ఒక లోకం

నోట్లో జీవులున్నాయని మొదట చూసినవాడు వైద్యుడు కాడు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. చేత్తో నూరుకున్న చిన్న కటకాలతో వాననీటినీ మిరియాలు నానబెట్టిన నీటినీ చూస్తూ ఉండేవాడాయన. ఒకరోజు తన పళ్ళ మీది పాచినే గీకి చూశాడు. అందులో చకచకా కదిలే ప్రాణులు కనిపించాయి. ఆ సంగతి గురించి 1683 సెప్టెంబరు 17న లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు.

ఆయన పళ్ళ విషయంలో అశ్రద్ధ చేసే మనిషి కూడా కాదు. రోజూ ఉప్పుతో రుద్దుకుని, నీళ్ళతో పుక్కిలించి, గుడ్డతో తుడుచుకునేవాడు. అయినా పళ్ళ సందుల్లో తెల్లని పదార్థం మిగిలే ఉండేది. జీవితంలో ఎన్నడూ నోరు శుభ్రం చేసుకోని ఒక ముసలాయన పాచిని చూస్తే ఆ ప్రాణులు మరీ కిక్కిరిసి కనిపించాయి. ఒక మనిషి పళ్ళ పాచిలో ఉన్న జీవుల సంఖ్య ఒక రాజ్యంలోని జనాభాను మించుతుందని ఆయన అంచనా వేశాడు. బ్యాక్టీరియా గురించి మనిషికి అందిన తొలి వర్ణనల్లో ఈ ఉత్తరం ఒకటి.

ఇప్పటి లెక్కల ప్రకారం మనుషుల నోళ్ళలో ఉండగల బ్యాక్టీరియా జాతులు దాదాపు 700. ఇవన్నీ ఒకే నోట్లో ఉండవు. ఒక్కొక్కరి నోట్లో వాటిలో కొన్ని వందలు స్థిరపడతాయి. చాలావరకు హాని చేయవు. బయటి నుంచి వచ్చే రోగకారకాలకు చోటివ్వకుండా కాపలా కాసేవీ, తిన్న ఆకుకూరలోని పోషకాన్ని ఒంటికి పనికొచ్చేలా మార్చేవీ వాటిలో ఉన్నాయి. వాసన పుట్టించేవి ప్రధానంగా ఒక వర్గం. వాటికి గాలి గిట్టదు. ప్రాణవాయువు అందని చోటే పెరుగుతాయి, పిండిపదార్థాలకన్నా మాంసకృత్తుల మీదే ఎక్కువగా ఆధారపడతాయి.

గంధకం లెక్క

నోటి వాసనలో ఉన్నదేమిటో రసాయనశాస్త్రం తేల్చింది ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలోనే. కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ టొంజెటిచ్ అనే పరిశోధకుడు మనుషుల ఊపిరిని గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపి, ఏ వాయువు ఎంత ఉందో విడదీసి చూశాడు. నోటి కంపులో ముఖ్యపాత్ర గంధకం కలిసిన మూడు వాయువులదని తేలింది. అవి హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్, డైమిథైల్ సల్ఫైడ్.

మొదటిది కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే వాయువు. రెండోదానికి దగ్గరి చుట్టం ప్రతి వంటింట్లోనూ ఉంది. గ్యాస్ బండలోని ఇంధనానికి సొంతంగా వాసన లేదు. లీకైతే వెంటనే తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్‌ను అతి కొద్దిగా కలుపుతారు. ఆ కుటుంబానికే చెందిన మిథైల్ మెర్కాప్టాన్‌ను నోట్లోని బ్యాక్టీరియా తయారుచేస్తాయి. మన ముక్కు ఈ జాతి వాయువులను గాలిలో లేశమంత ఉన్నా పట్టేస్తుంది. అందుకే నోట్లో ఆ వాయువు చాలా తక్కువగా ఉన్నా ఎదుటివారికి తెలిసిపోతుంది.

ఈ గంధకం వచ్చేది మన ఒంటి నుంచే. నోటి లోపలి పొర నుంచి కణాలు రోజంతా రాలిపోతూ ఉంటాయి. లాలాజలంలో జిగురు మాంసకృత్తులున్నాయి. చిగుళ్ళు వాచి ఉంటే రక్తం, చీము కూడా కలుస్తాయి. వీటన్నిటిలో ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని బ్యాక్టీరియా విరగ్గొడితే హైడ్రోజన్ సల్ఫైడ్, మిథియోనిన్‌ను విరగ్గొడితే మిథైల్ మెర్కాప్టాన్ వస్తాయి. ట్రిప్టోఫాన్ నుంచి పుట్టే ఇండోల్, స్కాటోల్ మలానికి ఆ వాసన ఇచ్చే పదార్థాలే. లైసిన్ నుంచి వచ్చే కడావరిన్ కుళ్ళుతున్న శవాల్లో ఉండేది.

ఇదంతా ఒక్క జాతి చేసే పని కాదు. లాలాజలంలోని జిగురు మాంసకృత్తుల చుట్టూ చక్కెర అణువుల తొడుగు ఉంటుంది. అది ఉన్నంతకాలం లోపలి మాంసకృత్తి అంత తేలిగ్గా విరగదు. స్ట్రెప్టోకాకస్ సలైవేరియస్ అనే మామూలు బ్యాక్టీరియా చక్కెర కోసం ఆ తొడుగును వలుస్తుంది. బయటపడ్డ మాంసకృత్తిని పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటివి అందుకుని కుళ్ళబెడతాయి. ఈ రెండంచెల పనిని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు నీర్ స్టెరెర్, మెల్ రోసెన్‌బర్గ్ 2006లో ప్రయోగశాలలో చూపించారు. నోటి దుర్వాసన ఉన్నవాళ్ళ నాలుక మీద తరచుగా కనిపించే మరో జీవి సోలోబ్యాక్టీరియం మూరెయి. శాస్త్రలోకం దానికి పేరు పెట్టింది 2000లోనే.

నాలుకే అసలు చిరునామా

పళ్ళు తెల్లగా మెరుస్తున్నా వాసన పోనివాళ్ళు అద్దం ముందు నిలబడి నాలుకను వీలైనంత బయటికి చాపి చూసుకోవాలి. వెనక వైపు తెల్లగానో పసుపుగానో పొర కనిపిస్తే చాలావరకు జవాబు అక్కడే ఉంది.

నాలుక ఉపరితలం నున్నగా ఉండదు. వేల కొద్దీ సన్నని బుడిపెలతో ముతక తివాచీలా ఉంటుంది. ముందు భాగం తిండి నమిలేటప్పుడూ మాట్లాడేటప్పుడూ అంగిలికి రాసుకుని కొంత శుభ్రపడుతుంది. వెనక భాగానికి ఆ రాపిడి తక్కువ. ముక్కు వెనక నుంచి గొంతులోకి దిగే చీమిడి పడేది కూడా అక్కడే. జలుబు, సైనస్ ఉన్న రోజుల్లో నోరు మరింత వాసన వేయడానికి ఇదొక కారణం. బుడిపెల సందుల్లో చచ్చిన కణాలు, తెల్లరక్తకణాలు, తిండి పొడి, బ్యాక్టీరియా కలిసి పొరలా అతుక్కుంటాయి. పైపైన ఉండే బ్యాక్టీరియా అందిన ప్రాణవాయువును వాడేసుకోవడంతో అడుగున ఉన్నవాటికి అది అందదు. గాలి గిట్టని జాతులకు కావాల్సింది సరిగ్గా అలాంటి చోటే.

మన పెద్దలకు ఈ బ్యాక్టీరియా పేర్లు తెలియవు. కానీ చోటు తెలుసు. నాలుక మొదట్లో పేరుకున్న మలినమే దుర్గంధానికి కారణమని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. వంపు తిరిగిన, పదును లేని బద్దతో నాలుక గీసుకోమంటుంది. ఆ బద్దను బంగారం, వెండి, రాగి, తగరం, ఇత్తడి లోహాలతో చేసుకోవచ్చంటుంది. తెలుగు పల్లెల్లో అంత ఖర్చు లేకుండానే ఆ పని జరిగిపోయేది. వేప పుల్ల చివర నమిలి, కుచ్చులా చేసి పళ్ళు తోముకున్నాక, అదే పుల్లను నిలువునా చీల్చి, వంచి నాలుక గీసుకునేవారు. వేప పుల్ల పోయి బ్రష్షు వచ్చాక చాలా ఇళ్ళల్లో పళ్ళు తోముకోవడం మిగిలింది, నాలుక బద్ద మాత్రం మాయమైంది. పిల్లలకు బ్రష్షు కొనిపెట్టే తల్లిదండ్రులు దాంతోపాటు బద్ద కూడా అలవాటు చేస్తే ఆ పాత మేలు తిరిగి వస్తుంది.

చిగుళ్ళ కింద చీకటి

నాలుక తర్వాత పెద్ద స్థావరం చిగుళ్ళు. అక్కడి జబ్బు ఎంత త్వరగా మొదలవుతుందో 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో జరిగిన ఒక ప్రయోగం తేల్చింది. హరాల్డ్ లో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని పళ్ళు తోముకోవద్దన్నారు. వాళ్ళలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. పది రోజుల నుంచి మూడు వారాల లోపు 12 మందికీ చిగుళ్ళు వాచాయి. పాచిలోని బ్యాక్టీరియా తీరు కూడా రోజురోజుకీ మారుతూ వచ్చింది. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక వాపు తగ్గి, చిగుళ్ళు మామూలు స్థితికి వచ్చాయి.

అప్పటికీ శుభ్రం చేయకుండా వదిలేస్తే పాచి గట్టిపడి గార అవుతుంది. గార ఏ బ్రష్షుకూ లొంగదు. దాని కింద చిగురు పంటి నుంచి విడిపోయి సంచిలా గుంట పడుతుంది. గుంట లోతయ్యే కొద్దీ గాలి తగ్గుతుంది, రక్తం, చీము పెరుగుతాయి. బోస్టన్‌లోని ఫోర్సైత్ సంస్థలో సిగ్మండ్ సొక్రాన్‌స్కీ బృందం 1998లో ఇలాంటి లోతైన గుంటల్లో కలిసికట్టుగా కనిపించే మూడు బ్యాక్టీరియాను గుర్తించి వాటికి ఎర్ర కూటమి అని పేరు పెట్టింది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ట్రెపోనీమా డెంటికోలా, టానెరెల్లా ఫోర్సైథియా అనే ఈ మూడూ గంధక వాయువులను పుట్టించగలవు. పంటిని పట్టి ఉంచే ఎముక అరిగిపోవడం వెనకా వీటి హస్తం ఉంది. కాబట్టి చిగుళ్ళ నుంచి వచ్చే వాసనను మొహమాటం కలిగించే ఇబ్బందిగా మాత్రమే చూడకూడదు. పళ్ళు ఊడిపోవడానికి ఏళ్ళ ముందే అందే హెచ్చరిక అది.

మధుమేహం ఉన్నవాళ్ళు ఈ మాటను రెండింతలు పట్టించుకోవాలి. చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే చక్కెర అదుపు కష్టమవుతుంది.

పొగాకు ఈ చిక్కును మరింత బిగిస్తుంది. పొగ నోటిని ఆరబెడుతుంది. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేయడంతో చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా కారుతుంది, దాంతో జబ్బు ఉన్నా బయటపడదు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్టను వెలిగించిన కొన నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు తరాలుగా, ముఖ్యంగా స్త్రీలలో ఉంది. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద మచ్చలు, పుండ్లు, క్యాన్సర్ వస్తాయని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. గుట్కా, ఖైనీ నమిలేవాళ్ళు వాసనను కప్పిపుచ్చడానికి వక్కపొడి వేసుకోవడం మంటను మంటతో ఆర్పబోవడమే. వక్క కూడా క్యాన్సర్ కారకమే.

నోరు దాటిన వాసనలు

అన్ని వాసనలూ నాలుక మీద పుట్టవు. వెల్లుల్లి కారం తిన్న మర్నాడు కూడా వాసన వస్తోందంటే తప్పు పళ్ళు తోముకోవడంలో లేదు. వెల్లుల్లి నుంచి పుట్టే అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ పేగుల నుంచి రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. అది ఒంట్లోంచి పోయేదాకా ఎన్నిసార్లు పుక్కిలించినా లాభముండదు.

కొన్ని వాసనలు ప్రమాద సూచికలు. మధుమేహం తీవ్రంగా అదుపు తప్పినప్పుడు ఊపిరిలో మగ్గిన పండులాంటి అసిటోన్ వాసన వస్తుంది. దానితోపాటు వాంతులు, ఆయాసం, మగత ఉంటే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవాళ్ళ నోరు అమ్మోనియా వాసన వేస్తుంది. గొంతులో టాన్సిల్స్ గుంటల్లో తెల్లని గట్టి ముక్కలు పేరుకునేవాళ్ళకు అవి ఊడి పడినప్పుడల్లా కంపు తెలుస్తుంది. చిన్నపిల్లల్లో ఒక ముక్కు రంధ్రం నుంచే దుర్వాసన, చీమిడి వస్తుంటే ఏ గింజో పూసో లోపల ఇరుక్కుందేమో చూపించాలి.

జన్యువుల్లో కూడా కారణం ఉండవచ్చు. శుభ్రతలో ఏ లోపమూ లేకపోయినా ఎప్పుడూ ఉడికించిన క్యాబేజీలాంటి వాసన వేసే కొన్ని కుటుంబాలను నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు, వారి సహచరులు పరిశీలించారు. సెలెన్‌బీపీ1 అనే జన్యువులో లోపం ఉండడంతో మిథైల్ మెర్కాప్టాన్‌ను విరగ్గొట్టే ఎంజైము వాళ్ళలో పనిచేయడం లేదని 2018లో ప్రకటించారు. ఏళ్ళ తరబడి అపరిశుభ్రులన్న మాట పడ్డవాళ్ళకు ఆ నింద నుంచి విముక్తి దొరికింది.

భయం ఎలా పెరిగింది?

నోటి వాసన ఎప్పటి నుంచో ఉంది. దాని మీద ఇంత సిగ్గు పేరుకోవడంలో మాత్రం వ్యాపారానికీ వాటా ఉంది. లిస్టరిన్‌ను 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శస్త్రచికిత్సల్లో క్రిమినాశినిగా వాడేందుకు తయారుచేశారు. పేరు బ్రిటిష్ సర్జన్ జోసెఫ్ లిస్టర్ గౌరవార్థం పెట్టారు. 1920ల్లో ఆ కంపెనీ నోటి దుర్వాసనకు వాడే వైద్య పదాన్ని ప్రకటనల్లోకి తెచ్చింది. నోరు వాసన వేయడంవల్లే పెళ్ళి కాని అమ్మాయి, స్నేహితులు దూరమైన యువకుడు ఆ ప్రకటనల్లో పాత్రలయ్యారు. అమ్మకాలు ఎన్నో రెట్లు పెరిగాయి.

ఆ భయం నేటికీ మనుషులను తినేస్తోంది. ల్యూవెన్‌కు వచ్చిన 2,000 మందిలో నూటికి దాదాపు 16 మందికి అసలు వాసనే లేదు. పక్కవాళ్ళు ముక్కు రుద్దుకున్నా, కిటికీ తెరిచినా తమ నోటివల్లేనని వాళ్ళు నమ్ముతారు. కొందరు ఉద్యోగాలు మానేస్తారు, గదిలోంచి బయటికి రారు. వాళ్ళకు పుక్కిలించే మందు పనికిరాదు. వాళ్ళ బాధను ఎగతాళి చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాలి. చికిత్సతో మెరుగవుతుంది.

ఎవరి నోటి వాసన వాళ్ళకు సరిగ్గా తెలియదన్నది దీనికి మరోవైపు. అరచేతుల్లోకి ఊది వాసన చూసుకోవడం నమ్మదగిన పరీక్ష కాదు. శుభ్రమైన చెంచాతో నాలుక వెనక మెల్లగా గీకి, కొన్ని క్షణాలు ఆగి వాసన చూడవచ్చు. వెనక పళ్ళ మధ్య దంతాల దారం లాగి చూడవచ్చు. అన్నిటికన్నా మంచి పరీక్ష, ఇంట్లో నమ్మకమైన మనిషిని అడగడం. వైద్యులూ ఇంచుమించు అదే చేస్తారు. గంధక వాయువులను కొలిచే యంత్రాలున్నా, శిక్షణ పొందిన మనిషి స్వయంగా వాసన చూసి సున్నా నుంచి ఐదు వరకు మార్కు వేయడమే ఇప్పటికీ ప్రామాణిక పద్ధతి.

అన్నిటినీ చంపితే సరిపోతుందా?

బ్యాక్టీరియావల్ల వాసన వస్తోందంటే వాటన్నిటినీ చంపేస్తే పోలేదా అన్న ఆలోచన సహజం. క్లోర్‌హెక్సిడిన్ వంటి మందుతో పుక్కిలిస్తే వాసన నిజంగానే తగ్గుతుంది. కానీ వారాల తరబడి వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి తెలియకుండా పోతుంది. అందుకే డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి.

ఇంకో నష్టం కంటికి కనబడదు. తోటకూర, పాలకూర, బీట్‌రూట్ వంటివాటిలో నైట్రేట్ ఎక్కువ. నాలుక మీది కొన్ని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. లండన్ పరిశోధకులు 19 మంది ఆరోగ్యవంతులతో వారం రోజులు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింపించి 2013లో ఫలితాలు వెల్లడించారు. వాళ్ళ రక్తపోటు 2 నుంచి 3.5 పాయింట్ల దాకా పెరిగింది. ఆ పెరుగుదల చిన్నదే. కానీ మనకు మేలు చేసే జీవులు కూడా ఆ నాలుక మీదే ఉన్నాయని అది రుజువు చేసింది.

అందుకే కొందరు శాస్త్రవేత్తలు చెడ్డవాటి చోట్లో మంచివాటిని నాటే దారి పట్టారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో జాన్ ట్యాగ్ స్ట్రెప్టోకాకస్ సలైవేరియస్‌లో కె12 అనే రకాన్ని గుర్తించారు. అది తోటి బ్యాక్టీరియాను అడ్డుకునే పదార్థాలను వదులుతుంది. చిన్న అధ్యయనాల్లో ఆశాజనకమైన ఫలితాలు వచ్చాయి, పెద్ద రుజువు ఇంకా రావాలి. నోటి దుర్వాసన చికిత్సల మీద 1,809 మంది పాల్గొన్న 44 ప్రయోగాలను కోక్రేన్ సంస్థ 2019లో జల్లెడ పట్టింది. ఏ ఒక్క మందూ తిరుగులేనిదని చెప్పేంత బలమైన ఆధారం దొరకలేదు. కాబట్టి ఒకే సీసాతో జీవితకాలం తాజా ఊపిరి అని ఎవరు చెప్పినా నమ్మనక్కర్లేదు.

రోజూ చేయాల్సింది

బ్యాక్టీరియాకు కావాల్సినవి తిండి, తడారిన నోరు, గాలి చొరని చోటు. ఈ మూడింటినీ దూరం చేయడమే మార్గం.

పొద్దున తోముకోవడంకన్నా రాత్రి పడుకునే ముందు తోముకోవడం ముఖ్యం. రాత్రి లాలాజలం కాపలా ఉండదు కదా. రెండు పూటలా రెండేసి నిమిషాలు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, చిగురు అంచు దాకా మెల్లగా తోమాలి. పళ్ళ సందుల్లోకి బ్రష్షు వెళ్ళదు, అక్కడికి దంతాల దారం కావాలి. ఆ తర్వాత నాలుక బద్దను వీలైనంత వెనక నుంచి ముందుకు, నొప్పి పుట్టకుండా, రెండుమూడు సార్లు లాగాలి. రక్తం వచ్చేలా గీకితే పుండు పడుతుంది.

నోరు తడిగా ఉండాలి. దాహం వేయకముందే నీళ్ళు తాగాలి. ఏకాదశి ఉపవాసమైనా రంజాన్ రోజాలైనా నమలడం ఉండదు, లాలాజలం తగ్గుతుంది, వాసన పెరుగుతుంది. ఆ రోజుల్లో నాలుక శుభ్రత మీద మరింత శ్రద్ధ పెట్టాలి. అలర్జీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు నోటిని ఆరబెడతాయి. వాటిని సొంతంగా మానకుండా డాక్టరుతో మాట్లాడాలి. కట్టుడు పళ్ళు పెట్టుకున్న పెద్దవాళ్ళు రాత్రి వాటిని తీసి, తోమి, నీళ్ళలో ఉంచాలి. సోంపు, యాలకులు, లవంగం నమిలితే లాలాజలం ఊరుతుంది, కాసేపు పరిమళం ఉంటుంది. నాలుక మీది పొరను మాత్రం అవి తీయలేవు.

తెలుగునాట దంతవైద్యానికి అడ్డుపడుతున్న ఒక అపోహ గురించి గట్టిగా చెప్పాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని చాలామంది భయపడతారు. నిజం ఇంకోలా ఉంది. జబ్బుపడి వదులైన పళ్ళ చుట్టూ గార గట్టుకట్టి ఉంటుంది. అది పోగానే అప్పటికే ఉన్న కదలికా, కిందికి జారిన చిగుళ్ళూ బయటపడతాయి. కొన్నాళ్ళు చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనవచ్చు, అదీ తగ్గుతుంది. గారను వదిలేస్తేనే పళ్ళు ఊడతాయి.

రెండు వారాలు రెండు పూటలా పళ్ళు, నాలుక శుభ్రం చేసుకున్నా వాసన తగ్గకపోతే, తోముకునేటప్పుడు రక్తం వస్తుంటే, పళ్ళు కదులుతుంటే దంతవైద్యుల దగ్గరికి వెళ్ళండి. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్ళకు హైదరాబాద్‌లోని అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఇబ్బంది ఉంటే పదిమందిలో అనకండి, వెనక నవ్వుకోకండి. ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా చెప్పి, మొదటిసారి ఆసుపత్రికి మీరే తోడు వెళ్ళండి.